పాండాస్‌లో రెండంతస్తుల ఇండెక్స్

ప్రశ్న: పైథాన్‌లో పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ వాడుతున్నాను. జిల్లాలవారీ వర్షపాతం పట్టికలో జిల్లా, సంవత్సరం రెండిటినీ సెట్ ఇండెక్స్‌ (set_index)తో ఇండెక్స్‌గా, అంటే వరసల్ని గుర్తుపట్టే పేర్లుగా పెట్టాను. ఆ పేర్లతో వరసల్ని తీసిచ్చే లోక్‌ (loc)లో 2023 అని అడిగితే, ఆ పేరు దొరకలేదనే కీ ఎర్రర్ వస్తోంది. డేటా ఉంది కదా, ఎందుకిలా? రెండ్రోజులుగా ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ డేటాకేం కాలేదమ్మా. లోక్‌కి ఒక్క విలువే ఇస్తే అది పై అంతస్తులోనే, అంటే జిల్లా పేర్లలోనే వెతుకుతుంది, అక్కడ 2023 అనే జిల్లా లేదు కాబట్టి దొరకలేదంటుంది. ఏ అంతస్తులో వెతకాలో చెప్పే వీలున్న ఎక్స్‌ఎస్ (xs) వాడండి. 2023 ఇచ్చి, లెవెల్ దగ్గర సంవత్సరం కాలమ్ పేరు రాస్తే అన్ని జిల్లాల ఆ ఏటి వరసలూ వచ్చేస్తాయి. ఫలితంలో సంవత్సరం అంతస్తు కనిపించదు, కంగారు పడకండి, అది కూడా ఉండాలంటే అందులోనే డ్రాప్ లెవెల్ (drop_level) అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేయండి.

గుంటూరులో 2015 నుంచి 2020 వరకు కావాలంటే మాత్రం ముందు ఇండెక్స్‌ని వరస క్రమంలో పెట్టే సార్ట్ ఇండెక్స్ (sort_index) తప్పనిసరి, లేకపోతే అన్‌సార్టెడ్ ఇండెక్స్ ఎర్రర్ పడుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: సార్ట్ చేస్తారు గానీ వచ్చిన ఫలితాన్ని మళ్లీ ఆ పేరులోకే ఎక్కించరు, పాత పట్టిక పాతగానే ఉంటుంది.

ఇదంతా చిరాకనిపిస్తే రీసెట్ ఇండెక్స్ (reset_index) కొట్టి, ఇండెక్స్‌ని మళ్లీ కాలమ్స్‌గా మార్చేసి, మామూలు కాలమ్స్‌తో పని చేసుకోండి, నేనూ చాలాసార్లు అదే చేస్తాను.