నీలం రాయి ఎంత ముదురైతే అంత మంచిదా?

"కర్నూలులో నగల షాపులో నీలం చూపించారు, బాగా ముదురుగా ఉంది, తీసుకోవచ్చా?" అని అడిగారు. ముదురు రంగు ఒక్కటే చూసి తీసుకోకండి.

రాయిని షాపు లైట్ల కింద నుంచి గుమ్మం దగ్గరికి, పగటి వెలుగులోకి తీసుకెళ్లి వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పండి. మంచి నీలం లోపలి నుంచి నీలంగా వెలుగుతుంది, నల్లబడిపోయి సిరా చుక్కలా కనిపిస్తే దానికి పెద్ద ధర రాదు.

ఇది కోరండం అనే ఖనిజం, అంటే అల్యూమినియం ఆక్సైడ్, అందులో కొద్దిగా ఇనుము, టైటానియం కలిస్తే నీలం రంగు వస్తుంది, అదే క్రోమియం వల్ల ఎర్రగా మారితే కెంపు అంటాం. మన కనకపుష్యరాగం కూడా పసుపు రంగు కోరండమే. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో దీని గట్టిదనం 9, తొలకరికి మన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వెతికే వజ్రానిది 10.

పది రెట్ల లెన్స్‌తో చూసినప్పుడు గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే గాజు అని అనుమానించాలి. సన్నటి పట్టుదారాల్లాంటి గీతలుంటే భయపడకండి, సహజమైన రాళ్లలో అవి మామూలే. ల్యాబ్‌లో పెంచిన నీలం కూడా అసలు కోరండమే కాబట్టి కంటికి తేడా దొరకదు, అందుకే రత్నాలను పరీక్షించే ల్యాబ్ రిపోర్ట్ లేకుండా డబ్బు కట్టొద్దు. రంగు కోసం రాయిని కాల్చడం ఈ వ్యాపారంలో మామూలే, కానీ కాల్చని దానికే ధర ఎక్కువ, కాల్చారా లేదా అన్న మాట రిపోర్ట్‌లో ఉందో లేదో చూడండి.