తాత గురించి రాస్తానన్నావట

మర్రిపాలెం, విశాఖపట్నం

అమ్మలూ,

తాత సంవత్సరీకం నాటికి ఆయన మీద చిన్న పుస్తకం వేయిస్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. బెల్లం వండి మమ్మల్ని పెంచిన మనిషి గురించి మనింట్లో ఒకళ్ళు రాస్తామనడం ఇదే మొదలు.

ఫొటోలు, పట్టా పుస్తకం, రేషన్ కార్డు స్కాన్ చేయించుకో. ఫొటోలో ఎవరెవరున్నారో వెనక పెన్సిల్‌తో రాయి. ఆధార్‌లో 1945 జనవరి 1 అని ఉంటుంది, దాన్ని నమ్మకు. విశాఖలో జపాన్ వాళ్ళ బాంబులు పడ్డప్పుడు తాత చంకలో బిడ్డ అని మా నాయనమ్మ చెప్పేది. అవి పడింది 1942 ఏప్రిల్ 6న. మీ నాన్న పుట్టింది ఉక్కు ఉద్యమం ఏడాది, 1966. అందుకని ఊళ్ళో ఎవరినీ సంవత్సరం అడగకు. నూకాలమ్మ జాతరకి ముందా, తర్వాతా అని అడుగు, టక్కున చెప్తారు.

గానుగ దగ్గర తాతతో పనిచేసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకాయనకి చూపు ఆనడం లేదు. పరీక్షలయ్యాక వెళ్తానన్నావట. ఏం పరీక్షలే తల్లీ! ఈ వారమే వెళ్ళు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. ఇది మీ నాన్నకి కూడా తెలీదు.

1998 సంక్రాంతి సెలవులకి టేప్ రికార్డర్ పట్టుకుని ఊరెళ్ళాను. అప్పటికి నేను టీచర్‌ని, పిల్లల ఉచ్చారణ దిద్దడమే నా పని. మొదట నాన్నని, అదే మీ తాతని, అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి "మీ బాల్యం గురించి చెప్పండి" అన్నాను. నాన్న తువ్వాలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాడు తప్ప నోరు విప్పలేదు. మర్నాడు గానుగ దగ్గరికే వెళ్ళాను. పెనం నిండా రసం మరుగుతోంది. పొయ్యిలోకి ఎండు పిప్పి తోస్తున్నారు. నాన్న మడ్డి తీసి పారబోసి, చెంబులో నీళ్ళల్లో వేళ్ళు ముంచి, గరిటె అంచున ఉన్న పాకం చిటికెడు తీసి ఆ నీళ్ళల్లోనే ఉండ చేశాడు. ఉండ జారిపోయింది. ఇంకా రాలేదన్నమాట. నేను అడక్కుండానే మొదలెట్టాడు. పదేళ్ళ వయసులో పెనం దగ్గర ఎలా చేరాడో, మొదటి కూలి ఏం చేశాడో, అన్నీ. అలా చెప్తూ చెప్తూ, "పాకం మాటాడతాది గుంటా. ఇనాల" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "ఇనాల కాదు నాన్నా, వినాలి. టేపులో పడుతోంది, సరిగ్గా మాట్లాడు."

నాన్నకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "నువ్వే సెప్పీ అమ్మా, సదువుకున్నదానివి" అని పెనం వైపు తిరిగిపోయాడు. ఆ తర్వాత ఎన్ని పండగలకి వెళ్ళినా ఆ సంగతులు ఎత్తలేదు. అడిగితే "ఏటుందమ్మా సెప్పడానికి" అనేవాడు. ఇరవై ఆరేళ్ళు బతికాడు ఆ తర్వాత. మొదటి కూలి డబ్బులతో ఏం కొన్నాడో ఇప్పుడు నాకు గుర్తులేదు. ఆ క్షణాన నా చెవులు మాటల్లో తప్పులు వెతుకుతున్నాయి.

అందుకే చెప్తున్నాను. తాత "ఎల్తన్నాను" అంటే ఎల్తన్నాను అనే రాయి. "ఒచ్చీసినాడు" అంటే అలాగే ఉంచు. ప్రెస్సువాళ్ళు దిద్దుతామంటే ఒప్పుకోకు. "నిరాడంబరుడు, శ్రమజీవి" లాంటి మాటలు పెద్దకర్మ కార్డులో నేనే వేయించాను. ఎవరి కార్డు మీదైనా వేసుకోవచ్చు వాటిని.

మంచివి మాత్రమే రాయాలని కూడా లేదు. నల్లబెల్లానికి మార్కెట్లో ధర రాక కొన్నేళ్ళు ఆయనా హైడ్రోస్ అనే రంగు తేల్చే మందు వేసి తెల్లబెల్లం వండాడు. మనింట్లోకి మాత్రం వెయ్యకుండా వండిన దిమ్మ వేరే పెట్టేవాడు. రెండూ రాయి. చిన్నతాతతో గట్టు తగాదా కూడా రాయి. కానీ అచ్చుకిచ్చే ముందు ఆ పేజీ వాళ్ళ పిల్లలకి చూపించు. వాళ్ళు మనింటికి రాకపోకలు మానేస్తే నేను తట్టుకోలేను.

హుద్‌హుద్ తుఫాను సంగతి నీకు లీలగా గుర్తుండాలి. 2014 అక్టోబర్ 12. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. మూడో రోజు పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. నాన్న. డెబ్భై దాటిన మనిషి, దొరికిన బండల్లా ఎక్కి, పడిపోయిన చెట్ల మధ్య కొంత నడిచి వచ్చాడు. భుజాన సంచీలో బియ్యం, బెల్లం, రెండు కొవ్వొత్తుల పెట్టెలు. "బతికున్నారా" అని అడిగి అరుగు మీద కూలబడ్డాడు. చెప్పుల్లేవు. ఎక్కడ తెగిపోయాయో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆదివారం ఇంటికి రా. ఆ క్యాసెట్ బిస్కెట్ల డబ్బాలో దాచాను. టేపు పాతదైపోయింది, పదే పదే తిప్పకుండా ముందు ఫోన్‌లోకి ఎక్కించు. నా గొంతు వచ్చిన తర్వాత కూడా కొంతసేపు నడుస్తుంది. పెనం మరిగే చప్పుడు, గరిటె చప్పుడు. అందులో నాన్న ఇంకేదో అంటాడు. ఎన్నిసార్లు విన్నా నాకు అందలేదు. నీ చెవులు చురుకైనవి కదా, నువ్వు విని చెప్పు.

మీ పెద్దత్త