అసెంబ్లీ ఆఖరి రోజు క్యాపిటల్‌కి వెళ్ళాలా? ఒకసారి వెళ్ళొచ్చిన నా అనుభవం

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: అట్లాంటాలో మీ తెలుగు సంఘాన్ని ఒక అమెరికన్ క్రిస్టియన్ సంస్థ వాళ్ళు జార్జియా అసెంబ్లీ ఆఖరి రోజున క్యాపిటల్‌కి, అంటే రాష్ట్ర శాసనసభ భవనానికి, రమ్మన్నారు. వెళ్తే ఉపయోగం ఉంటుందా, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు వెళ్ళొచ్చా అని అడుగుతున్నారు.

రెండోది ముందు తేల్చేస్తాను. వెళ్ళొచ్చు. ఎమ్మెల్యేని కలిసి మన అభిప్రాయం చెప్పుకోవడానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు. ఓటు వేయకూడదు. గ్రీన్ కార్డు లేనివాళ్ళు ఏ అభ్యర్థికీ చందా ఇవ్వకూడదు. ఈ రెండూ గుర్తుంటే చాలు. డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్ళు లాబీయిస్టుగా రిజిస్టర్ చేసుకుని బ్యాడ్జి పెట్టుకోవాలి, మనలాంటివాళ్ళకి ఆ గొడవ లేదు. చర్చి కూడా బిల్లుల గురించి మాట్లాడొచ్చు, అదే పనిగా పెట్టుకోనంతవరకు. ఎన్నికల్లో ఫలానావాడికి ఓటేయండని మాత్రం చెప్పకూడదు.

ఇక ఉపయోగం సంగతి.

నేను వెళ్ళింది 2024 మార్చి 28న. ఆ ఏడు ఈస్టర్ మార్చి 31న వచ్చింది, అంటే మేం వెళ్ళింది గుడ్ ఫ్రైడేకి ముందు రోజు. మన సంఘాల్లో ఆ రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, యేసు సిలువలో పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు పంచుకున్న ఏడుగురికీ టెన్షనే. నాకు అయిదో మాట ఇచ్చారు, 'దప్పిగొనుచున్నాను'. నోట్సు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునే బయల్దేరాను. పాస్టర్ అయ్యగారు, అమ్మగారితో కలిపి పదకొండు మందిమి. నార్త్ స్ప్రింగ్స్‌లో కార్లు పెట్టి మార్టా రైలు ఎక్కి, ఫైవ్ పాయింట్స్‌లో మారి, జార్జియా స్టేట్ స్టేషన్‌లో దిగాం. అక్కణ్ణించి క్యాపిటల్ నాలుగడుగులే. సెక్యూరిటీ దగ్గర అమ్మగారి స్టీలు క్యారియర్ మెషీన్‌లోంచి రెండుసార్లు వెనక్కొచ్చింది. చివరికి గార్డు గిన్నెలన్నీ విప్పించి చూసి, నవ్వి వదిలేశాడు.

మూడో అంతస్తులో సభ తలుపుల బయట తాళ్ళు కట్టి ఉంటాయి. అక్కడివాళ్ళు ఆ చోటునే 'రోప్స్' అంటారు. ఒక చీటీ మీద ఎమ్మెల్యే పేరు, మన పేరు, మన ఊరు రాసిస్తే లోపలికి తీసుకెళ్ళి అందిస్తారు. ఆయనకి వీలైతే బయటికొస్తాడు. మామూలు రోజుల్లో ఇది చక్కటి ఏర్పాటు. ఆఖరి రోజు మాత్రం తిరునాళ్ళే. బ్యాడ్జీల వాళ్ళు, కెమెరాల వాళ్ళు, మా లాంటి గుంపులు, మాకు ఎదురుగా ఇంకో గుంపు. పాలరాతి నేల మీద నిలబడి నిలబడి కాళ్ళు లాగేశాయి. గంటా నలభై నిమిషాల తర్వాత మా ఎమ్మెల్యే వచ్చాడు.

"ఏ బిల్లు గురించమ్మా?" అని అడిగాడు.

మాకిచ్చిన కాగితం చూసి హెచ్‌బీ (హౌస్ బిల్లు) 1104 అని చదివాను. ఆడపిల్లల క్రీడల బిల్లు, దయచేసి పాస్ చేయండి అన్నాను. "అది విద్యార్థి క్రీడాకారుల మానసిక ఆరోగ్యం బిల్లు కదా, మీరు దానికోసమేనా వచ్చింది?" అన్నాడాయన. వెటకారంగా కాదు, మామూలుగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. థాంక్యూ మేడమ్ అని లోపలికెళ్ళిపోయాడు. మొత్తం నిమిషంన్నర.

తర్వాత తెలిసింది, ఆయన చెప్పింది తప్పు కాదు. దిగువ సభ హౌస్‌లో ఆ బిల్లు మొదలైంది పిల్లల మానసిక ఆరోగ్యం కోసమే. ఎగువ సభ సెనేట్‌కి వెళ్ళాక ట్రాన్స్‌జెండర్ పిల్లలు ఆడపిల్లల క్రీడల్లో ఆడకుండా నిషేధం, లైబ్రరీ పుస్తకాల సంగతి తల్లిదండ్రులకి తెలపడం, సెక్స్ ఎడ్యుకేషన్ నియమాలు అన్నీ తెచ్చి అందులో కట్టారు. సెషన్ ముగింపు దగ్గరపడేకొద్దీ ఇది మామూలే. వేరుగా ముందుకు కదలని బిల్లుని, కదులుతున్న బిల్లు వీపు మీద ఎక్కిస్తారు. హౌస్ దాన్ని ఓటుకే తీసుకోలేదు. దానికోసం సెలవు పెట్టి వెళ్ళిన నేను ఒక్క పేజీ చదవలేదు. అయ్యగారూ చదవలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆఖరి రోజు అసలు ఏం జరుగుతుందంటే, జార్జియా సెషన్ 40 పనిదినాలు. జనవరిలో మొదలై మార్చి చివరికో ఏప్రిల్ మొదటికో అవుతుంది. 28వ రోజుని క్రాసోవర్ డే అంటారు. ఏ సభలో పుట్టిన బిల్లు ఆ రోజుకల్లా ఆ సభ దాటాలి, లేకపోతే దాదాపు అయిపోయినట్టే (ఇందాక చెప్పినట్టు ఇంకొకదాని వీపెక్కితే తప్ప). ఆఖర్లో ఏది సభ ముందుకు రావాలో రూల్స్ కమిటీ చూసుకుంటుంది. రెండు సభలకీ పడకపోతే ఇటు ముగ్గురు, అటు ముగ్గురు కూర్చుని రాజీ మాట రాస్తారు. ఆ గదుల్లోకి వెళ్ళే మాటలు జనవరి నుంచీ రోజూ అక్కడే తిరిగేవాళ్ళవి. జార్జియా బాప్టిస్టుల తరఫున ఈ పనికే మనిషి ఉన్నాడు. ఆఖరి రోజు ఆయనకి చేతినిండా పని. మనం వెనక నిలబడ్డ గుంపు, ఫొటోలో తలలు.

ఒక్క విషయంలో మాత్రం ఆఖరి రోజుకి విలువుంది, ఏదీ పాస్ కాకూడదని కోరుకునేవాళ్ళకి. ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్‌ని చట్టబద్ధం చేసే బిల్లు అలాంటిదే. రాజ్యాంగ సవరణ దారిలో తేవాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, హౌస్‌లో 180కి 120. ఆ తర్వాత ప్రజల ఓటు. 2024లో సెనేట్ ఒప్పుకుంది, హౌస్ ఓటింగ్ పెట్టనే లేదు. ఆ సాయంత్రం అయ్యగారు మెట్ల పక్కన మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి, గడియారం చూస్తూ ప్రార్థన చేశారు. టైమ్ గడవడమే గెలుపు. జూదంతో కూలిన కుటుంబాలు ఊళ్ళో చూసినదాన్ని, కాబట్టి ఆమేన్ మనస్ఫూర్తిగానే అన్నాను. ఇంటికెళ్ళి చెప్తే మా అమ్మాయి, "అమ్మా, నా కాలేజీ ఫీజు ఎవరు కడుతున్నారో తెలుసా?" అంది. దానికి హోప్ స్కాలర్‌షిప్ వస్తోంది. అది రాష్ట్ర ప్రభుత్వ లాటరీ డబ్బే. 1992లో చర్చిలు వద్దువద్దన్నా ప్రజల ఓటులో కొద్ది తేడాతో నెగ్గిన లాటరీ. సంఘంలో స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లల్ని ముందుకు పిలిచి కృతజ్ఞతా ప్రార్థన చేసేది కూడా మనమే.

నేను నిజంగా పట్టించుకున్నది మతస్వేచ్ఛ బిల్లు, అంటే బలమైన కారణం లేకుండా ప్రభుత్వం ఎవరి మతాచరణకీ అడ్డు రాకూడదనేది. మాది ఒంగోలు. కొద్దిమందిగా ఉండి ప్రార్థన చేసుకోవడం ఎలా ఉంటుందో ఎవరూ నాకు నేర్పక్కర్లేదు. 1993లో అమెరికా కేంద్ర ప్రభుత్వ స్థాయిలో ఈ చట్టం వచ్చింది. అది రాష్ట్రాలకి చెల్లదని 1997లో సుప్రీంకోర్టు అంది. జార్జియాలో 2016లో అలాంటి బిల్లు పాసైతే, పెద్ద కంపెనీలు, హాలీవుడ్ వాళ్ళు గట్టిగా అడ్డం తిరిగారు. గవర్నర్ నేథన్ డీల్ ఈస్టర్ మర్నాడే వీటో చేశాడు, ఆయన కూడా బాప్టిస్టే. చివరికి 2025లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 36 హౌస్‌లో ఏప్రిల్ 2న 96-70 ఓట్లతో నెగ్గింది. సెషన్ ఆఖరి రోజు, ఏప్రిల్ 4న, గవర్నర్ కెంప్ సంతకం పెట్టాడు. మన సంఘంలో చాలామంది దీన్ని క్రైస్తవుల చట్టం అనుకుంటున్నారు, కాదు. గుడికీ మసీదుకీ కూడా అంతే వర్తిస్తుంది, నాకు నచ్చింది కూడా అదే. వ్యతిరేకించినవాళ్ళ మాటా కొట్టిపారేయలేను. వివక్షని నిషేధించే సమగ్ర చట్టం జార్జియాలో లేదు, మతం పేరు చెప్పి షాపులో ఎవరినో వెళ్ళగొడితే ఎలా అని వాళ్ళ భయం.

ఆ బిల్లు కోసం 2025 ఫిబ్రవరిలో నేను ఒక్కదాన్నే వెళ్ళాను. క్యాపిటల్ ఎదురుగా కవర్‌డెల్ బిల్డింగ్‌లో సభ్యుల ఆఫీసులుంటాయి. ముందు రోజు ఫోన్ చేస్తే పది నిమిషాలిచ్చారు. అదే ఎమ్మెల్యే. నన్ను గుర్తుపట్టలేదు, నయం. అక్కడి అమ్మాయి మొదట అడిగింది ఏ సంస్థ అని కాదు, ఏ వీధిలో ఉంటారని. బిల్లు నాలుగైదు పేజీలు, ముందు రాత్రి రెండుసార్లు చదువుకుని వెళ్ళాను. ఈసారి ఆయన ప్రశ్నలు వేశాడు, నేను జవాబులు చెప్పాను. నా మాట వల్లే బిల్లు నెగ్గిందని సాక్ష్యం చెప్పను, అంత దృశ్యం లేదు. కానీ మనిషి కుర్చీలో కూర్చుని విన్నాడు.

మీ అయ్యగారు మాటిచ్చేశారు, తప్పదు అంటే సరదాగా వెళ్ళి రండి, పిల్లలకి చూడ్డానికి బాగుంటుంది. నాలుగో అంతస్తు గ్యాలరీలో కూర్చోవచ్చు. ముగిసే క్షణంలో సభ్యులు కాగితాలు చింపి పైకి విసురుతారు. మేం అందాకా ఉండలేకపోయాం. ఇంటికొచ్చి, అయిదో మాట నోట్సు ముందు పెట్టుకుని, అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో చూశాను.

ఏదేమైనా, ఏ బిల్లు మీద రమ్మంటున్నారో ఆ సంస్థ వాళ్ళని నంబరు అడగండి. అసెంబ్లీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ప్రతి వెర్షనూ వస్తుంది, అన్నిటికంటే కొత్తది చదవండి. బేసి సంవత్సరమైతే మిగిలిపోయిన బిల్లు మరుసటి ఏడాదికి బతికే ఉంటుంది, సరి సంవత్సరమైతే అక్కడితో సరి. నంబరు ఇక్కడ పెట్టండి, శనివారం తీరిక దొరుకుతుంది, నేనూ చదివి నాకు తెలిసింది చెప్తాను.