ల్యాబ్ వెబ్‌సైట్ పని నెత్తిన పడింది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: బయోటెక్నాలజీలో పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. పైథాన్ కొద్దిగా వచ్చు. మా పరిశోధన బృందం వెబ్‌సైట్‌ను ఒక సీనియర్ వర్డ్‌ప్రెస్‌లో తయారుచేసి, కోర్సు ముగించుకొని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు దాన్ని కొత్తగా చేయమని గైడ్ నాకు చెప్పారు. పరిశోధన వెనకబడుతుందేమోనని భయంగా ఉంది. ఈ పని ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ఒప్పుకోండి. అయితే మీరు వెళ్లిపోయిన తర్వాత కూడా నడిచేలా చేయగలిగితేనే ఆ శ్రమకు విలువ. మీ సీనియర్ చేసిన సైట్ ఎందుకు ఆగిపోయిందో ముందు చూడండి. వర్డ్‌ప్రెస్ వెనక ఒక డేటాబేస్ ఉంటుంది. దాంతోపాటు ప్లగిన్లను (అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములు), థీమ్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తుండాలి. పట్టించుకోని పాత ప్లగిన్లే హ్యాకర్లకు దారి ఇస్తాయి. ఏడాదికి నాలుగైదు సార్లు మారే సమాచారానికి ఇంత బరువు అక్కర్లేదు.

జెకిల్, హ్యూగో లాంటి సాధనాలు మామూలు టెక్స్ట్ ఫైళ్ల నుంచి పేజీలను ముందే తయారుచేసి పెడతాయి. డేటాబేస్ ఉండదు, సర్వర్‌లో లాగిన్ పేజీ ఉండదు. సభ్యుల వివరాలన్నీ ఫైళ్లలోనే ఉంటాయి, బృందంలో ఎవరైనా తెరిచి మార్చవచ్చు. మీ రంగానికే దగ్గరైన గ్రీన్ ల్యాబ్ అనే అమెరికా బృందం ఇలాంటి టెంప్లేట్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చింది. అందులో పరిశోధన పత్రం డీఓఐ సంఖ్య (ప్రచురితమైన పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) రాస్తే చాలు, శీర్షిక, రచయితలు, జర్నల్ పేరు వాటంతటవే వస్తాయి. పత్రాల జాబితా పాతబడటానికి మొదటి కారణం ఈ టైపింగ్ విసుగే. సున్నా నుంచి రాయడం మొదలుపెట్టకండి, ఆ టెంప్లేట్‌నే తీసుకోండి.

సైట్‌ను గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉంచండి, అక్కడ పబ్లిక్ రిపాజిటరీకి (అందరికీ కనిపించే ఫైళ్ల నిల్వకు) ఖర్చు లేదు. సైట్ పరిమాణం 1 జీబీ దాటకూడదు, కాబట్టి డేటాసెట్లను అక్కడ పెట్టకుండా ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో అనే డేటా భాండాగారంలో ఉంచి లింకు ఇవ్వండి. రిపాజిటరీ మీ సొంత ఖాతాలో ఉండకూడదు. ల్యాబ్ పేరుతో గిట్‌హబ్‌లో ఆర్గనైజేషన్ (ఉమ్మడి ఖాతా) తెరిచి, గైడ్‌తో సహా కనీసం ఇద్దరిని యజమానులుగా చేర్చండి. విశ్వవిద్యాలయ కంప్యూటర్ సెంటర్‌ను అడిగి సంస్థ డొమైన్ కిందే చిరునామా తీసుకోండి.

పేజీలు తగ్గించండి. కదిలే ఫొటోలు, ‘తాజా వార్తలు’ తీసేయండి. రెండేళ్ల కిందటి వార్త తాజా వార్తగా కనిపిస్తే ల్యాబ్ మూతపడిందనుకుంటారు. పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో చెప్పే పేజీని మాత్రం శ్రద్ధగా చేయండి. గైడ్‌ను ఎంచుకోవడానికి సలహా అడిగే ప్రతి విద్యార్థికీ ముందు ఆ పేజీ చూడమనే చెబుతాను, చాలా ల్యాబ్‌లలో అదే ఉండదు. చేరాలనుకునేవారికి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తప్పనిసరా, ఎవరికి రాయాలి అన్నది కూడా స్పష్టంగా చెప్పండి.

ఆ తర్వాత ఒక పేజీ సూచనలు రాసి, మొదటి సంవత్సరం స్కాలర్ ఒకరికి ఇవ్వండి. దాన్ని చూసి ఒక పత్రాన్ని చేర్చమనండి, మీరు పక్కనే కూర్చొని నోరు విప్పకండి. వారు ఎక్కడ ఆగారో అక్కడ మీ సూచనలు సరిగా లేవన్నమాట.

ఉద్యోగం విషయానికొస్తే, ఈ ఒక్క సైట్ చూపించి వెబ్ డెవలపర్ ఉద్యోగం ఆశించకండి. పరిశోధన సంస్థల్లో పరిశోధనకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ రాసే రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనే కొలువు ఉంది, ఆ పేరు 2012లో బ్రిటన్‌లో పుట్టింది. బయోఇన్ఫర్మేటిక్స్ కేంద్రాల్లోనూ అలాంటి పనివారు కావాలి. ఆ సంస్థలు చూసేది గిట్ (ఫైళ్లలో మార్పులను నమోదు చేసే సాధనం) అలవాటు, డాక్యుమెంటేషన్, ఇతరులు కొనసాగించగల పని. రెజ్యూమేలో ‘వెబ్‌సైట్ డిజైన్ చేశాను’ అని రాసి ఊరుకోకండి. ‘నేను అప్పగించాక జూనియర్లే నడుపుతున్నారు’ అని రాసి, రిపాజిటరీ లింకు ఇవ్వండి. వాళ్లు చేసిన మార్పులు తేదీలతో సహా అందులో కనిపిస్తాయి.

మీ భయం న్యాయమైనదే. ఈ సెమిస్టర్ పరిశోధన సలహా కమిటీ ముందు ప్రగతి నివేదిక ఇచ్చాకే ఇది మొదలుపెట్టండి, నెల రోజులకు మించి పెట్టుకోకండి. గైడ్‌కు ఇప్పుడే మర్యాదగా ఒక మెయిల్ రాయండి: ఫలానా తేదీకి సైట్ సిద్ధం చేస్తాను, ఆ తర్వాత నిర్వహణ బాధ్యతను ఏడాదికొక స్కాలర్‌కు అప్పగించండి, మొదటి వారికి నేర్పడం నా పూచీ అని.