ఏఐ రాసిన కోడ్‌కు నా సంతకం: కేసు అవుతుందా?

ప్రశ్న: నేను తిరుపతిలో ఎంసీఏ చదువుతున్నాను. విదేశీయులు నడిపే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టుకు రెండు ప్యాచ్‌లు (కోడ్‌లో మార్పులు) పంపాను. మొదటిది పూర్తిగా ఏఐ రాసింది; రెండోదానిలో సగం నేను మార్చాను. ఏఐ వాడితే చెప్పాలని ఆ ప్రాజెక్టు నియమం. మార్పులు పరిశీలించి చేర్చుకునే మెయింటెయినర్ అడిగినప్పుడు మాత్రం ‘అంతా నేనే రాశాను’ అన్నాను. రెండూ చేర్చుకున్నారు. నా మీద కేసు పెట్టవచ్చా? ఊరుకుంటే సరిపోతుందా?

జవాబు: ఊరుకోవద్దు. ఏఐ సాయంతో కోడ్ రాయడం మన చట్టాల ప్రకారం నేరం కాదు. మీకు చిక్కు తెచ్చింది మీరిచ్చిన జవాబు. తెలిసిన విషయం చెప్పకపోవడం దానంతటదే మోసం కాదనీ, చెప్పవలసిన బాధ్యత ఉన్నచోట మౌనం కూడా మోసమవుతుందనీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ వివరణ చెబుతోంది. మీరు మౌనంగానైనా లేరు, అడిగినవారికి అబద్ధం చెప్పారు. ప్రతిఫలం లేని చోట ఒప్పందమే లేదని మీ తరఫున వాదించవచ్చు గాని, ఆ వాదన మీద ఆధారపడి కూర్చోమని నేను సలహా ఇవ్వను.

మీ ప్యాచ్ కింద ‘సైన్డ్-ఆఫ్-బై’ అని మీ పేరుతో ఒక వరుస ఉంటే దాన్ని లాంఛనం అనుకోకండి. తన కోడ్‌ను లైనక్స్‌లో చేర్చిందంటూ ఐబీఎంపై ఎస్‌సీఓ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 2003లో దావా వేసిన తరువాత, ఏ కోడ్ ఎవరి నుంచి వచ్చిందో తేలాలని లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) వారు 2004లో ఈ పద్ధతి తెచ్చారు. ఈ కోడ్‌ను ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది అని ఆ వరుసతో మీరు ధ్రువీకరిస్తున్నారు. మన రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు రాసేది లేఖరే అయినా, అందులోని మాటలకు జవాబుదారీ సంతకం పెట్టినవారిదే గదా.

ఇక కాపీరైట్ సంగతి. కంప్యూటర్ ద్వారా పుట్టిన రచనకు, దాన్ని పుట్టించిన వ్యక్తే రచయిత అని 1957 నాటి కాపీరైట్ చట్టం 2(డి) సెక్షన్‌లో ఉంది. ఆ మాట 1994 సవరణతో చేరింది. నేటి ఏఐని ఎరిగి రాసింది కాదు. అందువల్ల ఒక్క వాక్యం అడిగి రాబట్టిన మొదటి ప్యాచ్‌కు మీరే రచయితనని గట్టిగా చెప్పడం కష్టం. ఏఐ ఇచ్చినదానిలో ఇంకొకరి కోడ్ యథాతథంగా ఉంటే ఉల్లంఘన ప్రశ్న కూడా వస్తుంది. అదే చట్టం 63వ సెక్షన్ శిక్ష తెలిసి చేసినవారికే. కాబట్టి ఇప్పటికి ఆ భయం అక్కరలేదు. అది పరాయి కోడ్ అని తెలిశాక కూడా పంచుతూ పోతే మాత్రం పరిస్థితి మారుతుంది.

భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు నిలిచేంత విషయం మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు. ఈ ప్యాచ్‌లను సొంత రచనగా చూపి ఎక్కడైనా ఉద్యోగం పొంది ఉంటే అది వేరే వ్యవహారం, విడిగా రాయండి.

వెంటనే మెయింటెయినర్‌కు ఇలా రాయండి: ‘మొదటి ప్యాచ్ పూర్తిగా ఏఐ రాసింది. రెండోదానిలో ఈ ఫంక్షన్లు నావి, మిగిలినవి ఏఐవి. ముందు నేనిచ్చిన జవాబు నిజం కాదు. తొలగించాలంటే నాకు అభ్యంతరం లేదు.’ ఫలానా ఏఐ అని పేరు కూడా చెప్పండి. సాకులు వద్దు. జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని మీ కోడ్ చదివిన మనిషికి ఈ నాలుగు మాటలు బాకీ ఉన్నారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఒకటైన జెంటూ 2024లో ఏఐ కోడ్‌ను నిషేధించింది. నెట్‌బీఎస్‌డీ అనే మరో ప్రాజెక్టు ముందస్తు రాతపూర్వక అనుమతి లేనిదే తీసుకోదు. మీ ప్రాజెక్టు వెల్లడిస్తే చాలంటున్నది గనుక ప్యాచ్‌లు నిలిచే అవకాశమూ ఉంది. వారి జవాబు వచ్చేదాకా ఏఐతో జరిగిన సంభాషణను చెరపకండి, పాత కమిట్లను (నమోదైన కోడ్ మార్పులను) మార్చకండి. రెండో ప్యాచ్‌లో మీ వాటా ఎంతో చూపించడానికి మీకున్న ఆధారాలు అవే.