లండన్‌లో కొన్నాళ్ళు బిర్యానీని పక్కన పెట్టు చిన్నీ

చిన్నీ,

నీ మెసేజ్ చూసి నవ్వొచ్చింది, కాస్త జాలి కూడా వేసింది. మీ వీధి చివర ‘ఇండియన్’ రెస్టారెంట్‌లో ముగ్గురూ మూడు కూరలు చెప్పుకుంటే కోర్మా, మద్రాస్, విందాలూ మూడూ ఒకే గిన్నెలోంచి తీసి రంగు మార్చినట్టున్నాయని రాశావు కదా, నువ్వు వెటకారానికి అన్నా అది దాదాపు నిజం. ఇంతకీ మంచి ఆంధ్రా భోజనం ఎక్కడ దొరుకుతుంది పెద్దమ్మా అని అడిగావు. చెప్తాను గానీ ఆఖర్న చెప్తాను. గోంగూర ఎలాగూ మీ అమ్మ ప్రతి పార్సిల్‌లో పంపిస్తూనే ఉంటుంది, దాని కోసం రెస్టారెంట్ దాకా వెళ్ళాలా? తెనాలిలో ఉన్నన్నాళ్ళూ మలయాళీల ఇంటి వంట గానీ, గుజరాతీల శీతాకాలం కూర గానీ ఎప్పుడైనా తిన్నావా? ఇక్కడ కార్డు ట్యాప్ చేసి ట్రైన్ ఎక్కితే అవన్నీ ఒకే ఊళ్ళో ఉన్నాయి.

ముందు మీ వీధి చివర హోటల్ సంగతి. అలాంటివి ఈ దేశంలో ఎక్కువ భాగం నడిపేది సిల్హెట్ ప్రాంతం వాళ్ళు. సిల్హెట్ 1947 దాకా అస్సాంలో ఉండేది, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. బ్రిటిష్ ఓడల్లో బొయిలర్ల దగ్గర బొగ్గు వేసే పనికి వచ్చినవాళ్ళలో కొందరు ఇక్కడి రేవుల్లో దిగిపోయి చిన్న చిన్న కేఫులు పెట్టుకున్నారు. తరవాత 1960, 70ల్లో వాళ్ళ చుట్టాలూ, ఊరివాళ్ళూ వచ్చి ఊరూరా రెస్టారెంట్లు తెరిచారు. తినేది తెల్లవాళ్ళు, వచ్చేది రాత్రిపూట, అందరికీ పది నిమిషాల్లో ప్లేటు ముందుండాలి. అందుకని పొద్దున్నే బోలెడు ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, టమాటాలు ఉడకబెట్టి మెత్తగా రుబ్బి పెద్ద డేగిసాలో గ్రేవీ సిద్ధం చేసుకుంటారు. ఆర్డర్ రాగానే అందులోంచి రెండు గరిటెలు పెనంలో పోసి, కొబ్బరీ క్రీమూ చక్కెరా వేస్తే కోర్మా, కారం ఎక్కువేస్తే మద్రాస్, ఇంకా ఎక్కువేసి బంగాళదుంప పడేస్తే విందాలూ. అవి ఊళ్ళ పేర్లో వంటకాల పేర్లో కావు, కారం మెట్లు. దాన్ని మరీ తీసిపారేయకు, అదీ ఒక పనితనమే. 2001లో ఇక్కడి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని బ్రిటన్ జాతీయ వంటకం అన్నాడు, ఆ మాట నాకు తప్పనిపించదు. కాకపోతే అది బ్రిటన్ తిండి, దాన్ని పట్టుకుని ఇండియా తిండి బాగోలేదని నువ్వు బాధపడటం దండగ.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ హోటల్ ఓనర్ రాత్రి షట్టర్ దించాక ఇంటికెళ్ళి కోర్మా తినడు. ఏం తింటాడో అది అడగాలి. వైట్‌చాపెల్ వైపు వెళ్ళు, అక్కడ వాళ్ళ కోసం వాళ్ళు నడుపుకునే హోటళ్ళున్నాయి. షాత్కోరా వేసి వండినది ఏదైనా ఉందా అని అడుగు. మన దబ్బకాయ జాతిదే ఆ పండు, దాని తొక్కతో సహా మాంసంలోనో చేపలోనో వేసి ఉడికిస్తారు, చేదూ పులుపూ కలిసి మొదటి ముద్దకి మొహం చిట్లించినా మూడో ముద్దకి వదలవు. బీఫ్‌తో ఎక్కువ చేస్తారు, వద్దనుకుంటే చేప అడుగు. భోర్తాలని ఉంటాయి, వంకాయో ఎండు చేపో పచ్చిమిరపకాయా పచ్చి ఉల్లిపాయా ఆవనూనె వేసి చేత్తో మెదిపినవి. మన రోటిపచ్చడి తిన్న నోటికి అది కొత్తేమీ కాదు, ఆవనూనె ఘాటు ఒక్కటే కొత్త.

మంచి చోటు పట్టుకోవడానికి స్టార్ రేటింగులు పెద్దగా పనికిరావు. అక్కడ నీలాంటివాళ్ళూ నాలాంటివాళ్ళూ కలిసి స్టార్లు ఇస్తుంటారు, ఎవరి నాలుక ఎవరిదో తెలీదు. నేనైతే కిరాణా కొట్లు చూస్తాను. ఏ వీధిలో కొట్టు ముందు పనసముక్కలూ, కర్రపెండలం, అరటాకులూ పెట్టారో ఆ వీధిలో ఆ ఊరివాళ్ళు కాపురాలుంటున్నారని అర్థం, వాళ్ళని మాయ చేసి ఏ హోటలూ బతకదు. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళు, శుక్రవారం రాత్రి వెళ్ళకు. ముసలమ్మలని వెంటబెట్టుకుని కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి కూర్చున్నారంటే ఇంక ఆలోచించకు. మెనూలో సగం నూడుల్సూ మంచూరియా బటర్ చికెనూ ఉన్నా కంగారు పడకు, అవి పిల్లల కోసమూ నష్టం రాకుండానూ పెట్టుకుంటారు. గోడ మీద కాగితం అంటించి వాళ్ళ భాషలో రాసినది ఉంటే అదే అసలు మెనూ, చదవడం రాకపోతే వేలు పెట్టి చూపించి అడుగు, సిగ్గెందుకు.

కేరళతో మొదలుపెట్టు. ఆసుపత్రిలో నాతో నైట్ డ్యూటీలు చేసిన కొట్టాయం అమ్మాయిల డబ్బాల్లోంచి తిన్నదాన్ని కాబట్టి ఇందులో నాకు కాస్త పక్షపాతం ఉందనుకో. ఈస్ట్‌హామ్‌లోనూ టూటింగ్‌లోనూ వాళ్ళ హోటళ్ళు బాగా ఉన్నాయి. కప్పా, మీన్ కర్రీ చెప్పు. కప్పా అంటే మన కర్రపెండలమే. పెద్దాపురం, సామర్లకోట వైపు పండించి సగ్గుబియ్యం మిల్లులకి తోలేస్తామే, అదే. వాళ్ళు దాన్ని ఉడికించి, పసుపూ కొబ్బరీ పచ్చిమిర్చీ వేసి మెదిపి చేపల పులుసుతో తింటారు. ఎప్పటినుంచో తింటున్నా, రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో బర్మా బియ్యం ఆగిపోయాక అక్కడ చాలామందికి కడుపు నింపింది ఈ దుంపే. ఇప్పుడదే వాళ్ళకి ఇంటి బెంగ తీర్చే తిండి. ఆ పులుసులో చింతపండు ఉండదు, కుడంపులి అని పొగబెట్టి ఎండబెట్టిన నల్లటి పులుపు వేస్తారు. మట్టి చట్టిలో వండి, మర్నాటికి తింటేనే బాగుంటుందని వాళ్ళ మాట. మన చేపల పులుసు గురించి మీ అమ్మ చెప్పేదీ అదేగా. కొబ్బరినూనె వాసనకి ‘తలకి రాసుకునే నూనె’ అని మొహం తిప్పుకోకు. అంతగా పడకపోతే మొదటిరోజు అప్పం, ఎగ్ రోస్ట్‌తో సరిపెట్టుకో, రెండోసారికి అలవాటవుతుంది. ఇంకొకటి, అక్కడ బీఫ్ మామూలుగా వండుతారు. ముదురు రంగులో కొబ్బరి ముక్కలతో వేపుడు కనబడితే మటన్ అనుకుని నోట్లో పెట్టకు, నీకు పట్టింపు ఉంటే ముందే అడుగు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఓణం ఆగస్టు, సెప్టెంబర్లలో వస్తుంది. ఆ వారాల్లో ఈ హోటళ్ళన్నీ సద్య, అంటే అరటాకులో వడ్డించే పండగ భోజనం పెడతాయి, ముందే బుక్ చేసుకోవాలి, చివరి నిమిషంలో దొరకదు. అరటాకు కొస నీ ఎడమచేతి వైపు ఉండాలి. ముందు పప్పూ నెయ్యీ వస్తాయి, మనలాగే. తరవాత సాంబారు, ఆ చుట్టూ అవియల్, ఓలన్, కాళన్, తోరన్ అని ఏవేవో. అన్నిటికీ పేర్లు గుర్తుపెట్టుకోవక్కర్లేదు, ఓలన్ మాత్రం వదలొద్దు. బూడిదగుమ్మడి, అలసందలు, కొబ్బరిపాలు, అంతే, కారం కోసం వెతుక్కోకుండా తిను. పాయసం వచ్చిందని భోజనం అయిపోయిందనుకుని చెయ్యి కడుక్కోకు, మళ్ళీ అన్నం, మజ్జిగా వస్తాయి.

వెంబ్లీ వెళ్తే మళ్ళీ ఆ కర్రపెండలమే ఎదురొస్తుంది, ఈసారి మోగో పేరుతో. ఈలింగ్ రోడ్‌లో ఉన్న గుజరాతీల్లో చాలామంది ఇండియా నుంచి నేరుగా వచ్చినవాళ్ళు కారు. తూర్పు ఆఫ్రికాలో తరాల తరబడి వ్యాపారాలు చేసుకుంటూ ఉండి, 1972లో ఉగాండాలో ఈదీ అమీన్ తొంభై రోజుల్లో వెళ్ళిపొమ్మంటే కట్టుబట్టలతో వచ్చినవాళ్ళూ, కెన్యా నుంచి వచ్చినవాళ్ళూ. అందుకే ధోక్లా, ఖాండ్వీల పక్కన ఆఫ్రికాలో అలవాటైన ఈ దుంపని వేయించి కారం చల్లి ఇస్తారు. ఇండియాలో గుజరాత్ అంతా తిరిగినా మెనూలో ఇది కనబడటం కష్టం. మన సంక్రాంతి రోజులకి ఊంధియు వస్తుంది, అది అసలు సూరత్ వైపుది. చిక్కుడుకాయలూ, ఊదారంగు దుంపలూ, అరటికాయా, మెంతికూర ఉండలూ కలిపి చేస్తారు. పల్లెల్లో కుండని బోర్లించి భూమిలో పెట్టి పైన మంట వేసేవాళ్ళు, ఇక్కడ స్టవ్వు మీదే కానిస్తారు. వాళ్ళ పప్పులో బెల్లం తగిలి నీకు చిరాకొస్తుంది, నాకు తెలుసు. వెంటనే పర్సులోంచి ఆవకాయ సీసా తియ్యకు. కఢీ, ఖిచ్డీ, కాస్త వేపుడు కలిపి తిన్నాక ఆ తీపి ఎందుకుందో నాలుకకే తెలుస్తుంది.

సౌతాల్ పంజాబీ వాళ్ళది, దాని గురించి ఎక్కువ చెప్పను. చలికాలంలో వెళ్ళి మొక్కజొన్న రొట్టె, ఆవాకు కూర తిను, మిగతాదంతా నీకు తెలిసిందే.

పార్సీ, గోవా వంటలు మాత్రం దొరకడం కష్టం, వెతకాలి. మీ వీధి చివర హోటల్ మెనూలో ధన్‌సాక్ అని ఉంటుంది, ఒక్కోచోట అందులో అనాసముక్కలు కూడా వేస్తారు. పార్సీల ఇంట్లో అది మటనూ, రకరకాల పప్పులూ, గుమ్మడి, వంకాయా కలిపి ఉడికించి, వేయించిన మసాలా అన్నంతో తినే ఆదివారం భోజనం. ఇంట్లో ఎవరైనా పోతే నాలుగో రోజున మాంసం మళ్ళీ మొదలుపెట్టేదీ దాంతోనే, అందుకే శుభకార్యాలకి వండరు. మీ ఆఫీసులో పార్సీ అమ్మాయి ఉందన్నావుగా, ఆ పిల్ల పుట్టినరోజుకి నువ్వు సరదాపడి ధన్‌సాక్ ఆర్డర్ పెట్టేవు, జాగ్రత్త. గోవా విందాలూలో బంగాళదుంప ఉండదు, పంది మాంసమూ వెనిగరూ వెల్లుల్లీ ఉంటాయి. అది తిన్నాక మీ వీధి విందాలూని నువ్వే వేరే పేరుతో పిలుస్తావు.

ఎక్కడికెళ్ళినా నలుగురు కలిసి వెళ్ళండి, ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు చెప్పొద్దు, అన్నీ మధ్యలో పెట్టుకోండి. బిర్యానీ చెప్పకండి, అది కడుపు నింపేస్తుంది, పైగా తిన్నంతసేపూ హైదరాబాద్‌తో పోలుస్తూనే ఉంటారు. ‘బెస్ట్ ఏంటి’ అని అడిగితే ఎక్కువ అమ్ముడయ్యేది చెప్తారు. ‘మీ ఇంట్లో ఆదివారం ఏం వండుతారు, అది ఇవాళ ఉందా’ అని అడుగు. కారం తగ్గించొద్దని కూడా ఒక మాట చెప్పు, నీ ఇంగ్లిష్ విని ఇక్కడ పుట్టిన పిల్లవనుకుని తగ్గించేస్తారు. ఒక్కోసారి ప్లేట్లు తెచ్చే అబ్బాయికి ఆ వంట గురించి నీకన్నా తక్కువ తెలుస్తుంది. ఈ మధ్య ఎటు చూసినా మన పిల్లలే కదా పార్ట్‌టైమ్ చేసేది, పంజాబీ హోటల్లో నెల్లూరు కుర్రాడు, కేరళ హోటల్లో ఖమ్మం పిల్ల. అలాంటివాళ్ళు దొరికితే అదృష్టమే, ఏది నిన్నటిదో ఏది ఇవాళ్టిదో తెలుగులో చెప్పేస్తారు. బిల్లులో సర్వీస్ చార్జ్ వేస్తారు, సాధారణంగా అది ఇష్టమైతేనే ఇచ్చేది. 2024 అక్టోబర్ నుంచి ఆ డబ్బు పనివాళ్ళకే చేరాలని చట్టం ఉంది కాబట్టి బాగా చూసుకుంటే మనసు పీకకుండా ఇచ్చెయ్.

ఇక మనవాళ్ళ సంగతి. అన్నట్టు, రీజెంట్ స్ట్రీట్‌లో వీరాస్వామి అని 1926లో పెట్టిన పేరున్న రెస్టారెంట్ గురించి ఎవరైనా చెప్తే తెలుగువాళ్ళదేమో అని పరిగెత్తేవు, దాన్ని పెట్టినాయన పేరు ఎడ్వర్డ్ పామర్. మన హోటళ్ళు ఈస్ట్‌హామ్‌లో, హ్యారో వైపు, హౌన్స్‌లో వైపు ఉన్నాయి. సిల్హెట్ వాళ్ళు చేసినట్టే మనవాళ్ళూ చేస్తున్నారు, శ్రీకాకుళం ఆయనైనా కడప ఆయనైనా బోర్డు మీద మాత్రం హైదరాబాదీ దమ్ బిర్యానీ అని రాయాల్సిందే. వాళ్ళని తప్పుపట్టలేం, అద్దెలు అలా ఉన్నాయి. నువ్వు కూర్చోగానే ‘ఇవాళ పచ్చడేంటండీ’ అని అడుగు. మ్యాంగో పికిల్ అన్నారనుకో, బిర్యానీ తిని లేచి వచ్చెయ్. దోసకాయ పచ్చడనో బీరపొట్టు అనో అన్నారంటే లోపల వండేవాళ్ళున్నారని అర్థం, స్టాఫ్‌కి ఏం చేశారో అది కొంచెం పెట్టమని మొహమాటం లేకుండా అడుగు. నాకైతే అలా ఉలవచారు దొరికింది ఒకచోట, సంగటీ నాటుకోడి పులుసూ దొరికాయి ఇంకోచోట. మెనూలో రెండూ లేవు.

వచ్చే ఆదివారం ఖాళీ పెట్టుకో. డిస్ట్రిక్ట్ లైన్‌లో ఈస్ట్‌హామ్ స్టేషన్‌లో దిగు, పన్నెండున్నరకల్లా రావాలి, ఒంటిగంట దాటితే చేపల కూర అయిపోతుంది. ఆ పార్సీ అమ్మాయిని కూడా తీసుకురా, వాళ్ళింటి వంట సంగతులు నేనూ కొన్ని అడగాలి. పొద్దున టిఫిన్ చెయ్యకు.

నీ పెద్దమ్మ