ప్రొఫైల్ టేబుల్ జోలికి వెళ్లకు

అమ్మలూ, ఆశీస్సులు.

రెండు లెర్నింగ్ సైట్లనీ కలిపే పని నీ నెత్తిన పెట్టారని రాశావు. రెండూ యూజర్ని బట్టి పాఠాలు మార్చేవే కదా, ఒకదాని ప్రొఫైల్ టేబుల్ (ఏ యూజర్‌కి ఏ విషయం ఎంతవరకు వచ్చో రాసుకునే పట్టిక) తీసి ఇంకోదానికి ఎక్కించేస్తే సరిపోతుందని మీ మేనేజర్ అనుకుంటున్నట్టుంది. లాభం లేకపోలేదు. అక్కడ బాగా చదివినవాడు ఇక్కడ మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అయినా ఆ టేబుల్ జోలికి మాత్రం వెళ్లకు.

మొదటి సైట్‌లో ఏదో ఒక వరుస తీసి చూడు: ఫలానా యూజర్, ‘రికర్షన్’, 0.7. అక్కడ వాడేది బేసియన్ నాలెడ్జ్ ట్రేసింగ్ (ఇచ్చిన జవాబుల్ని బట్టి విషయం వచ్చిందో లేదో అంచనా కట్టే పద్ధతి) అయితే, 0.7 అంటే ఆ విషయం అతనికి వచ్చి ఉండటానికి ఉన్న అవకాశం. ఆ పద్ధతిలో మామూలుగా 0.95 దాటితేగానీ వచ్చినట్టు లెక్క కాదు. రెండో సైట్‌లో అదే గడిలో ఉండేది క్విజ్ మార్కుల సగటు అనుకో, 0.7 అంటే హాయిగా పాస్. అంకె చెక్కుచెదరకుండా వెళ్తుంది, ఎర్రర్ రాదు, టెస్టులన్నీ పచ్చగానే ఉంటాయి. ఇంకా అభ్యాసం కావాల్సిన కుర్రాడు మాత్రం పై పాఠంలో పడి తెల్లమొహం వేస్తాడు.

అందుకని తీర్పులు కాకుండా సాక్ష్యాలు పంపు. ఈ యూజర్, ఈ ప్రశ్నని, ఫలానా రోజు, హింట్ చూసి, రెండో ప్రయత్నంలో సరిగ్గా చేశాడు అని. దాన్నిబట్టి అవతలి సైట్ తన లెక్క తను వేసుకుంటుంది. దీనికోసం సొంత ఫార్మాట్ కనిపెట్టకు. ఇలాంటి చదువు రికార్డులు పంచుకోవడానికే 2013లో వెర్షన్ 1.0 వచ్చిన ఎక్స్‌ఏపీఐ అనే ప్రమాణం ఉంది. అందులో ఒక్కో రికార్డునీ స్టేట్‌మెంట్ అంటారు: ఎవరు, ఏం చేశారు, దేని మీద. అందులో టైమ్‌స్టాంప్ (ఆ పని జరిగిన సమయం) తప్పనిసరి కాదు, నువ్వు మాత్రం వదలకు. పంపకపోతే అవతలివాళ్లకి అందిన సమయమే పడుతుంది. రెండేళ్ల కిందటి జవాబు ఇవాళ్టిదిలా కనిపిస్తుంది.

రెండు వైపులా పంచుకోవడం మొదలయ్యాక అసలు చిక్కు వస్తుంది. మొదటిది రెండోదానికి చెప్తుంది, రెండోది అదే సంగతి తన మాటగా మొదటిదానికి తిరిగి చెప్తుంది. ఊళ్లో పుకారు లాంటిదే. ఒకే జవాబు రెండుసార్లు లెక్కకెక్కి స్కోరు ఊరికే పెరిగిపోతుంది. ఎక్స్‌ఏపీఐలో ప్రతి స్టేట్‌మెంట్‌కీ ఒక యూయూఐడీ (ఇంకెవరికీ రాని గుర్తింపు నంబరు) ఉంటుంది, ఎన్ని చేతులు మారినా దాన్ని మార్చనివ్వకు.

‘లూప్స్’ అక్కడ ఒకటే టాపిక్, ఇక్కడ మూడు ముక్కలు. ఈ మ్యాపింగ్ స్క్రిప్టుకి వదలకుండా పాఠాలు రాసేవాళ్లని కూర్చోబెట్టి చేయించు. కుదరనివి ఖాళీగా వదిలెయ్.

ఈమెయిల్ కలిసింది కదా అని ఇద్దరూ ఒకరే అనుకోకు. ఒకే లాగిన్‌తో ఇంట్లో ఇద్దరు చదువుతుంటారు. యూజరే వచ్చి తన రెండు అకౌంట్లూ కలుపుకోవాలి. పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఒక సైట్‌కి ఇంకో సైట్‌లోని తన డేటా చూసే అనుమతి ఇవ్వడానికి 2012 నుంచి ఓఆథ్ 2.0 ఉంది, అందులో స్కోపులు (దేనికి అనుమతి, దేనికి కాదు అన్నవి) విడివిడిగా పెట్టు. ‘అభ్యాసాల ఫలితాలు ఇస్తాను, వయసు ఇవ్వను’ అనడానికి వీలుండాలి.

పేర్లు తీసేసి పంపితే ఈ గొడవే ఉండదు కదా అని ఎవరో ఒకరు అంటారు, చూస్తూ ఉండు. 2006లో నెట్‌ఫ్లిక్స్ తన పోటీ కోసం పేర్లు తీసేసి సుమారు 10 కోట్ల సినిమా రేటింగులు బయటపెట్టింది. వాటిని ఐఎండీబీ అనే సినిమాల సైట్‌లో జనం బాహాటంగా ఇచ్చిన రేటింగులతో పోల్చి కొందరిని గుర్తుపట్టవచ్చని నారాయణన్, ష్మాటికోవ్ అనే పరిశోధకులు 2008లో చూపించారు. ఎవరు ఏ ప్రశ్న ఎప్పుడు చేశారన్నదీ అలాంటి ఆనవాలే.

యూరప్ యూజర్లుంటే జీడీపీఆర్ (అక్కడి డేటా రక్షణ చట్టం) కూడా చూసుకో. ఎవరైనా తమ డేటా చెరిపేయమంటే నీ దగ్గర చెరిపితే చాలదు. అసాధ్యమైతేనో, మరీ తలకు మించిన శ్రమ అయితేనో తప్ప, ఎవరెవరికి పంపావో వాళ్లకీ తెలియజేయాలని 19వ అధికరణం అంటుంది. కాబట్టి ఎవరికి, ఏది, ఎప్పుడు పంపావో రాసే టేబుల్ మొదటిరోజే పెట్టు. తర్వాత పాత లాగ్‌లు తవ్వి కట్టడమంటే ఆ టెన్షన్ చెప్పలేం.

ముందు ఒక దిక్కుకే తెరువు, అదీ కొద్ది టాపిక్‌లతో. అవతలి నుంచి వచ్చిన సాక్ష్యం కలిపితే తర్వాతి జవాబుని ఎంత సరిగ్గా ఊహిస్తోందో, కలపకపోతే ఎంతో పోల్చి చూడు. తేడా రాని టాపిక్‌లని పంచుకోవడం మానెయ్, మేనేజర్ ఏమన్నా సరే. మ్యాపింగ్ టేబుల్ తయారయ్యాక నాకు పంపు, లైవ్‌లో పెట్టేముందు ఓసారి చూస్తాను.

మామయ్య